లోపలి నుంచి వేసిన తాళం

జూన్ 6

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. నా రాతలో తప్పులుంటాయి, వరసలు కూడా ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతాయి. మన్నించి చదువుకోండి. నాలుగో తరగతి దాటని చదువు, అదీ పూర్తిగా గుర్తు లేదు. ఇంటి ఉత్తరాలన్నీ ఎప్పుడూ మామయ్యగారే రాస్తారు కదా, ఈసారి “నువ్వే రాయమ్మా” అని కాగితం నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. ఫోను చేద్దామంటే మన పోలీసు క్వార్టర్సుకి లైను స్టేషను మీదుగానే వస్తుంది, ఎవరో ఒకరు వింటూనే ఉంటారు. మీవైపు చూస్తే కిరాణా కొట్టు ఫోను. అందుకని రాస్తున్నాను.

పక్కింటి పొడుగన్నయ్య ఇక లేరు అత్తయ్యగారూ.

సోమవారం మధ్యాహ్నం చెక్‌పోస్టు దగ్గర లారీని ఆపబోయారు. లారీ ఆగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందన్నారు. పొద్దున మన గోడ మీంచి తల పెట్టి “చెల్లెమ్మా, టీ పెట్టావా, వాసన మా ఇంటిదాకా వస్తోంది” అన్నారు. నేను ఇవ్వబోయేలోపే జీపు వచ్చింది, వెళ్ళిపోయారు. డిపార్టుమెంటులో చేరిన కొత్తలో మామయ్యగారి చేతికింద పని నేర్చుకున్న మనిషి, మన ఇంట్లో ఎన్నిసార్లు తిన్నారో మీకే తెలుసు. మర్నాడు జెండా కప్పి, తుపాకులు గాల్లోకి పేల్చి సాగనంపారు. శబ్దానికి పక్కింటి వదిన ఒళ్ళో చంటిది ఉలిక్కిపడింది. వదిన మాత్రం కదల్లేదు.

లారీ డ్రైవరుని పట్టుకుని మన స్టేషనుకే తెచ్చారు. ఆ సాయంత్రం సెంట్రీ డ్యూటీ మీ అబ్బాయిది. ఆయన కూడా లాకప్పులోనే ఉండిపోయారు. మర్నాడు పొద్దున పెద్దాఫీసరుగారు వచ్చి, గ్యాస్ కట్టరు తెప్పించి, తాళం కోయించి బయటికి తీశారు. ఒంటికి ఏమీ కాలేదు. ఎంక్వయిరీ వేస్తారట. మీరు కంగారు పడకండి.

ఇంకొక సంగతి. వదినకి మణికట్టు నొప్పి అని కొంతకాలంగా రెండిళ్ళ యూనిఫారాలూ నేనే ఇస్త్రీ చేస్తున్నాను. అన్నయ్య ప్యాంటు మన బల్ల మీద పట్టదు, సగం చేశాక మళ్ళీ జరుపుకోవాలి. ఒక జత చేసి మడతపెట్టింది మన అలమరలోనే ఉండిపోయింది. ఎలా ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తెలియడం లేదు. మీరుంటే చెప్పేవారు.

నాకు ఏడుపు రాలేదు అత్తయ్యగారూ. అందరూ ఏడుస్తుంటే నేను టీ గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను. కడిగినవే మళ్ళీ కడిగానని ఎవరో అన్నారు.

మీరు చూసుకోవడానికి వెళ్ళిన చిన్నత్తయ్యగారి విరిగిన తుంటి ఎలా ఉంది? మంచం దిగుతున్నారా?

మీ కోడలు.

---

జూన్ 11

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. “ఆయన కూడా లాకప్పులోనే ఉండిపోయారు” అని రాసి, ఆ కిందే ప్యాంటు బల్ల మీద పట్టదని రాస్తావా? నీకసలు బుర్రా బుద్ధీ ఉన్నాయా? మా చెల్లెలు మంచంలోంచే అరిచింది, “ముందు మీవాడు జైల్లో ఉన్నాడో బయటున్నాడో అడగవే” అని. దాని తుంటి సంగతి అడిగావు. తుంటి బాగానే ఉంది, నోరు ఇంకా బాగుంది.

పొడుగోడు పోయాడంటే నమ్మలేకపోతున్నాను. మన గుమ్మానికి వాడి తల ఎన్నిసార్లు కొట్టుకుందో. కొట్టుకున్న ప్రతిసారీ గుమ్మాన్ని నిమిరి “పాపం, దీనికి దెబ్బ తగిలింది పెద్దమ్మా” అనేవాడు. వాడి పెళ్ళాం మొహం ఎలా చూస్తానో తెలియదు.

ఇక నువ్వు రాయకపోయినా మావాడి సంగతి నాకు అర్థమైంది. ఆ డ్రైవరుగాణ్ణి ఎదురుగా చూసి ఉండబట్టలేక చెయ్యి చేసుకుని ఉంటాడు. వాడికేదో అయి ఉంటుంది. అందుకే మావాణ్ణి కూడా లోపల పెట్టారు, ఎంక్వయిరీ అంటున్నారు. అంతేగా? దాచకు. చిన్నప్పట్నుంచీ నోట్లో నాలుక లేనివాడు, బల్లి కనిపిస్తే నా వెనక దాక్కునేవాడు. వీడికి ఖాకీ ఎందుకండీ అని మీ మామగారితో ఎన్నిసార్లన్నానో. అలాంటివాడు పొడుగోడి కోసం చెయ్యెత్తాడంటే వాడు నా కొడుకే. ఏమైనా కానీ, నేను వాణ్ణి తప్పు పట్టను. ఈ వీధిలో నలుగురికీ అదే చెప్పాను. ఇంకెవరో వచ్చి వంకరగా చెప్పేకంటే మనమే తలెత్తుకుని చెప్పుకోవడం మంచిది.

మీ మామగారిని మా పాత వకీలు దగ్గరికి వెంటనే వెళ్ళమను. అయినా ఆయనెందుకు రాయలేదు? చెయ్యి పడిపోయిందా? సర్వీసంతా రిపోర్టులు రాసిన మనిషి, కన్నకొడుకు సంగతి రాయడానికి కోడలి చేతికి కాగితం ఇచ్చాడా? నేను అడిగానని అడుగు.

వాడికి వేళకి తిండి పెట్టు. నువ్వూ తిను.

అత్త.

---

జూన్ 15

అత్తయ్యగారికి,

నమస్కారాలు. నేను సరిగ్గా రాయకపోవడం వల్ల మీరు వేరేగా అనుకున్నారు. తప్పు నాదే. ఆయన ఎవరినీ కొట్టలేదు. ఆయన్ని ఎవరూ లోపల పెట్టలేదు. ఆయనే లోపలికి వెళ్ళి తాళం వేసుకున్నారు.

ఆయన చెప్పింది కొంత, కుళాయి దగ్గర విన్నది కొంత, కలిపి మొదట్నుంచీ రాస్తాను.

ఆ సాయంత్రం మార్చురీ దగ్గర్నుంచి మనవాళ్ళు తిన్నగా స్టేషనుకి వచ్చారట. డ్యూటీలో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, యూనిఫారంలో కొందరు, లుంగీలతో కొందరు. అది ముందే తెలిసినట్టు ఇన్‌స్పెక్టరుగారు “టీ తాగొస్తాను” అని బయటికి వెళ్ళారట. లాకప్పు తాళం చెవి సెంట్రీ దగ్గరే కదా ఉంటుంది. వాళ్ళు వరండా ఎక్కుతుండగా ఈయన లాకప్పు తలుపు తీసి తను లోపలికి పోయి, ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి తాళం వేసేసి, చెవిని వెనక కిటికీలోంచి మురిక్కాలవలోకి విసిరేశారు. తుపాకీ మాత్రం బయట స్టాండుకే గొలుసు వేసి ఉంచారట. తుపాకీ లేకుండా, లాఠీ లేకుండా, వట్టి చేతులతో.

డ్రైవరు తనని కొట్టడానికే వచ్చారనుకుని చేతులతో తల కప్పుకుని మూలకి ముడుచుకుపోయాడట. చిన్న వయసేనట. ఈయన వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తలుపువైపు తిరిగి నిల్చున్నారు, అంతే. బయటవాళ్ళు ఊచలు పట్టుకుని ఊపారు, తిట్టారు, బతిమాలారు. “తమ్ముడూ, అయిదు నిమిషాలు చాలురా, చంపంలే” అన్నారట ఒకరు. ఉమ్మేశారు కూడా. చొక్కా మీద మరక ఉంటే నేను ఆసుపత్రిదేమో అనుకుని ఉతికాను.

ఇప్పుడు క్వార్టర్సులో మనతో ఎవరూ మాట్లాడడం లేదు. నేను బిందె పట్టుకుని వెళ్తే జరిగి దారి ఇస్తున్నారు. నన్ను ముందు పట్టుకోమని చేత్తో చూపిస్తున్నారు. అదే ఎక్కువ కష్టంగా ఉంది, వరసలో గొడవపడితే బాగుండేది.

ఇన్‌స్పెక్టరుగారు మనింటికి వచ్చారు. నేనిచ్చిన టీ మెచ్చుకున్నారు. “చూడు బాబూ, లోపల ఖైదీకి నీళ్ళిస్తుంటే తలుపు పడింది, చెవి చేతిలోంచి జారి కాలవలో పడింది. ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఇంతే చెప్పు. ఎవరికీ నష్టం లేదు, నీకూ లేదు” అన్నారు. ఈయన “చూస్తాను సార్” అన్నారు. ఆయన వెళ్ళాక నేను గ్లాసు తీస్తుంటే ఈయన నాతో “జారలేదు” అన్నారు.

ఎంక్వయిరీలో ఏం చెప్తారన్నదే ఇప్పుడు అందరి బెంగ. జారిందంటే అక్కడితో అయిపోతుంది. విసిరేశానంటే ఎందుకని అడుగుతారు, ఎవరొచ్చారని అడుగుతారు. అప్పుడు అందరి ఉద్యోగాలూ పోతాయి.

నేను అడగకూడని మాట ఒకటి అడిగాను. “ఎందుకు తియ్యలేదండీ” అన్నాను. మీతో అబద్ధం ఎందుకు, నేనైతే తీసేదాన్నే. పొడుగన్నయ్యని అలా చూశాక ఆ డ్రైవరు ఏమైపోతే నాకేం అనిపించింది. ఆయన బూట్లు విప్పుకుంటూ, “చెవి చేతిలో ఉంటే నేనూ తీసేవాణ్ణే. వాళ్ళకంటే ముందు నేనే కొట్టేవాణ్ణి. అందుకే పారేశాను” అన్నారు.

అది ధైర్యమో ఏమో నాకు తెలియదు. ఆయన మొహంలో అలాంటిదేమీ లేదు. బూట్లు మంచం కిందికి తోసి పడుకున్నారు.

మామయ్యగారికి మీ మాట చెప్పాను. విన్నారు. రోజంతా పెరట్లో కుర్చీ వేసుకుని గోడవైపు చూస్తూ కూర్చుంటున్నారు.

మీ కోడలు.

---

జూన్ 20

అమ్మాయీ,

ఇప్పుడు నేను ఈ వీధిలో తలెక్కడ పెట్టుకోను? “నా కొడుకు పొడుగోడి కోసం చెయ్యెత్తాడు” అని అందరికీ చెప్పుకున్నాను. వాడు చేసింది పొడుగోణ్ణి చంపినవాడికి కాపలా! మా చెల్లెలు నవ్వింది. “అక్కా, నీ కొడుకు మళ్ళీ బల్లిని చూసి తలుపేసుకున్నాడే” అంది. దాని రెండో తుంటి నేనే విరగ్గొట్టేదాన్ని.

సరే, అయిందేదో అయింది. వాడి మనసు నాకు తెలుసు. చచ్చినా అబద్ధం చెప్పలేడు, చెప్తే చెవులు ఎర్రబడతాయి. కానీ ఇది అబద్ధమని ఎవరన్నారు? చెవి కాలవలో పడిందా లేదా? పడింది. జారిందో విసిరాడో కాలవకేం తెలుసు? ఆ వచ్చినవాళ్ళందరూ మనవాళ్ళే. వాళ్ళ పిల్లలు మనింట్లో పెరిగినవాళ్ళే. మీ మామగారికి గుండెనొప్పి వచ్చినప్పుడు భుజాల మీద మోసుకెళ్ళినవాళ్ళే. వాళ్ళ నోటికాడి కూడు తీసి ఆ లారీవాడికి పెడతాడా?

నువ్వు చెప్పు. నువ్వు మెత్తగా ఉంటే పని కాదు. కాస్త ఏడువు. నాకు ఏడుపు రావట్లేదండీ అని కూర్చుంటే ఏ మొగుడూ వినడు.

అసలు చెప్పాల్సిన మనిషి పెరట్లో కూర్చున్నాడు. ఎందుకలా ఉన్నాడో నాకు తెలుసు. కొడుకు మీద కోపం. ఆయనకి కోపమొస్తే అంతే, నోరు మూతపడుతుంది. మా పెళ్ళైన కొత్తలో కూరలో ఉప్పు ఎక్కువైందని వారం మాట్లాడలేదు. నాకు వంట చేతకాక కాదు, ఆయనకి నాలుక చేతకాక. ఆయనకి విడిగా చీటీ రాసి ఇందులో పెట్టాను. ఇవ్వు. తండ్రి ఒక్క మాటంటే వాడు దాటడు. కోపం మాని కొడుకుని పిలిచి కూర్చోబెట్టి చెప్పమని రాశాను. ఇంటికి పెద్ద ఆయన. ఆయన చెప్పకపోతే ఎవరు చెప్తారు?

అత్త.

---

జూన్ 26

అత్తయ్యగారికి,

నమస్కారాలు. మీరు పంపిన చీటీ మామయ్యగారికి ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్ళారు. ఎండలో మైదానం చుట్టూ తిరిగి వచ్చారు. కాళ్ళు కాలాయి. నీళ్ళు పోస్తే వద్దనలేదు. తండ్రీకొడుకులిద్దరూ మాత్రం మాట్లాడుకోలేదు. ఒకరు లోపలికి వస్తే ఇంకొకరు పెరట్లోకి పోతున్నారు. కంచాలు కూడా వేర్వేరు వేళల్లో పెడుతున్నాను.

పక్కింటి వదిన వచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి. నేను ఇస్త్రీ చేస్తున్నాను. గుమ్మంలో నిలబడి, “ఆయన బట్టలు ఇస్త్రీ అయ్యాయా?” అంది, ఎప్పుడూ అడిగినట్టే. నేను అలమర తీసి ఇచ్చాను. చేతిలో పెట్టుకుని చూసి, “కాలర్ దగ్గర సరిగ్గా రాలేదు” అంది. నిజమే, మెరుపొచ్చింది, పెట్టె ఎక్కువ కాలింది. తీసుకుని మళ్ళీ నీళ్ళు చల్లి చేసిచ్చాను. అంతసేపూ నిలబడే ఉంది. నేను కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. వెళ్తూ, “ఎంక్వయిరీకి నన్ను కూడా రమ్మన్నారు. ఆఫీసులకి ఎప్పుడూ వెళ్ళలేదు. నువ్వు తోడొస్తావా?” అంది. వస్తానన్నాను. ఈ వరసలో ఇంకెవరూ తనకి తోడు వెళ్ళరని కాదు, అందరూ వస్తామన్నారట. నన్నెందుకు అడిగిందో తెలియదు.

మీరు చెప్పినట్టు ఏడవాలని చూశాను. రాలేదు. అందుకని మామూలుగానే అడిగాను, కూర కలుపుకుంటుండగా. “జారిందని చెప్పకూడదా?” అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. “నేను చెప్పాల్సిన పేర్లలో ఒకటే కష్టం. మిగతావి చెప్పగలను. ఆ ఒక్కటి చెప్పలేక అబద్ధమాడితే, ఆ ఒక్కరి కోసమే అబద్ధమాడినట్టవుతుంది” అన్నారు. ఎవరని అడిగితే చెప్పారు. చెప్పాక ఇద్దరం కంచాల్లోకి చూసుకుంటూ కూర్చున్నాం.

ఆ పేరు నన్ను అడగకండి అత్తయ్యగారూ. దగ్గరి మనిషి. అంతకంటే రాయలేను.

ఎంక్వయిరీ వచ్చే మంగళవారం.

మీ కోడలు.

---

జూలై 1

అమ్మాయీ,

అడక్కండి అన్నావు కాబట్టి అడగను. నాకు తెలిసిపోయింది.

“దగ్గరి మనిషి” అంటే ఎవరో తెలుసుకోలేనంత వెర్రిదాన్నా? మీ తమ్ముడు కదూ? డిపార్టుమెంటు జీపు తోలేవాడు, మార్చురీ నుంచి అందరినీ ఎక్కించుకొచ్చింది వాడే అయి ఉంటాడు. అందుకే నువ్వు ఏడవలేదు. అందుకే నీకు నోరు పెగల్లేదు. మొగుడు నిజం చెప్తే తమ్ముడి ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మొగుడు చిక్కుతాడు. నడిమధ్యన కూర్చుని నాకు సగం సగం ఉత్తరాలు రాస్తున్నావు. నా చీటీ ఇచ్చావో చింపేశావో కూడా నమ్మకం లేదు.

ఏదో చదువు లేని పిల్ల, నోరు లేని పిల్ల, మా ఇంట్లో ఒదిగిపోతుందని చేసుకున్నాం. నీ పుట్టింటిని కాపాడుకోవడానికి నా కొడుకునీ నా ఇంటాయన్నీ విడదీస్తావనుకోలేదు. తండ్రీకొడుకులు వేర్వేరు కంచాలు తింటుంటే చూస్తూ వడ్డిస్తున్నావా?

మీ తమ్ముడి పేరు చెప్పనీ. చెప్పమను. నాకేం అభ్యంతరం లేదు. తప్పు చేసినవాడు ఎవరైతేనేం, మన ఇంటివాడైతే మాత్రం వదిలేస్తారా? మొన్న నేను రాసింది మర్చిపో. వాణ్ణి నిజమే చెప్పమను, అందరి పేర్లూ చెప్పమను.

మా చెల్లెలు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఈ నెలాఖరుకి నేను బయల్దేరతాను. వచ్చాక మాట్లాడుకుందాం.

అత్త.

---

జూలై 9

అత్తయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఎంక్వయిరీ ముందురోజు వచ్చింది. చదివి ఎవరికీ చూపించలేదు. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మా తమ్ముడు ఆ రోజు స్టేషనుకి వెళ్ళలేదు. ఆసుపత్రిలో పొడుగన్నయ్య దగ్గరే ఉన్నాడు, కాగితాలు అయ్యేదాకా. మీకు అనుమానం వచ్చిందని నాకు బాధగా లేదు. నేను సగమే రాశాను కాబట్టి మిగతా సగం మీరు పూర్తి చేసుకున్నారు. ఇప్పుడు మొత్తం రాస్తాను.

మంగళవారం పొద్దున ఈయన ముస్తాబవుతుంటే మామయ్యగారు తన తెల్ల చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టారు. “దీన్ని కూడా కొంచెం రుద్దమ్మా” అన్నారు. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. నేను ఎక్కడికని అడగలేదు. ఈయన ముందు నడిచారు, మామయ్యగారు వెనక నడిచారు, నేనూ వదినా వాళ్ళ వెనక. చంటిదాన్ని నేనెత్తుకున్నాను. మైదానం దగ్గర కవాతు చేస్తున్నవాళ్ళు ఒక్క క్షణం తల తిప్పి చూశారు.

ఆ ఆఫీసు వరండాలో పొడుగాటి బెంచీ ఉంది. ఒక చివర మామయ్యగారు కూర్చున్నారు, ఇంకో చివర మేమిద్దరం. కిటికీ తలుపులు వేడికి తీసే ఉన్నాయి, లోపలి మాటలు వినపడుతున్నాయి. పెద్దాఫీసరుగారు ఈయన్ని “తాళం చెవి ఎలా పోయింది?” అని అడిగారు.

“నేనే విసిరేశాను సార్.”

“ఎందుకు?”

“తలుపు తియ్యమని వచ్చారు సార్.”

“ఎవరు?”

ఈయన చెప్పారు. ఒక్కొక్క పేరూ ఆగి ఆగి, రాసుకునేవాళ్ళకి వీలుగా. నేను కుళాయి దగ్గర చూసే ఆడవాళ్ళందరి భర్తల పేర్లూ. ఇన్‌స్పెక్టరుగారు టీకి వెళ్ళిన సంగతి కూడా చెప్పారు. ఆఖరికి, “అందరికంటే ముందు ఊచలు పట్టుకుని నన్ను పిలిచింది మా నాన్నగారు సార్” అన్నారు.

ఆ పెద్దాఫీసరు మంచివాడే అనుకుంటాను. గొంతు తగ్గించి, “ఆయన రిటైరైన మనిషి కదయ్యా. సర్వీసులో లేనివాడి పేరు ఇందులో రాయకపోయినా మాకేం ఇబ్బంది లేదు” అన్నారు.

“రాయండి సార్,” అన్నారు ఈయన. “ఆయన పిలిచారు కాబట్టే నాకు తియ్యాలనిపించింది. మిగతావాళ్ళకైతే అనిపించలేదు.”

నేను బెంచీ చివరికి చూశాను. మామయ్యగారు తల దించుకోలేదు. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడని చూస్తున్నారు, పై అధికారి ఎవరో వస్తున్నట్టు. లోపలికి పిలిచారు. వెళ్ళి అటెన్షన్‌లో నిల్చున్నారు. “మీ అబ్బాయి చెప్పింది నిజమేనా?” అన్నారు.

“నిజమే సార్.” అంతే. సంతకం పెట్టి వచ్చేశారు.

వదిన ఇదంతా విన్నది. నేను భయపడుతూ, “వదినా, మామీద కోపంగా ఉందా?” అన్నాను. ఆలోచించి, “ఏమో. ఏమీ లేదు. నీకేమైనా ఉందా?” అంది. “నాకూ ఏమీ లేదు వదినా” అన్నాను. తనని పిలిచేదాకా అలాగే కూర్చున్నాం. చంటిది నా గాజులు లాగుతూ నిద్రపోయింది.

ఇంటికి వచ్చాక మామయ్యగారు మళ్ళీ పెరట్లోకి వెళ్ళారు. మంచినీళ్ళు ఇస్తూ, నాకు ఎప్పుడూ లేని ధైర్యం ఎక్కడ్నుంచో వచ్చి ఒక మాట అడిగాను. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ మీకు రాయలేకపోయాను. వాళ్ళని ఆపడానికే ఆయన ముందు నిల్చున్నారేమో, కొడుకు పొరపాటు పడ్డాడేమో అని నాకు చిన్న ఆశ ఉండేది.

“మీరు ఆపడానికే వెళ్ళారా మామయ్యగారూ?” అన్నాను.

గ్లాసు కింద పెట్టి, “లేదమ్మా. కొట్టడానికే వెళ్ళాను” అన్నారు. “పొడుగోడికి చెక్‌పోస్టులో లారీ ఎలా ఆపాలో నేర్పింది నేను. రోడ్డు మధ్యకి పో, చెయ్యెత్తు, కళ్ళలోకి చూడు, ఆగుతాడు అన్నాను. వాడు అలాగే నిలబడ్డాడు.” తర్వాత, “నావాడు ఊచల వెనక నిలబడి, డ్యూటీలో ఉన్నాను నాన్నా, వెళ్ళిపోండి అన్నాడు. వాడి కాళ్ళు వణుకుతున్నాయమ్మా. నేను చూశాను. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి, కదల్లేదు” అన్నారు.

మీరు అనుకున్నట్టు ఆయనకి కొడుకు మీద కోపం కాదు అత్తయ్యగారూ. కొడుకు మొహం చూడలేక పెరట్లో కూర్చున్నారు. మీ చీటీ చదివి ఎండలో తిరిగింది అందుకే.

ఆ సాయంత్రం ఈయన వచ్చేసరికి మామయ్యగారు లోపలే ఉన్నారు. ఎవరు లేచి వెళ్తారో అని చూస్తున్నాను. ఎవరూ వెళ్ళలేదు. మామయ్యగారు నన్ను చూసి, “ఇద్దరికీ పెట్టెయ్యమ్మా” అన్నారు. పెట్టాను. ఈయన నీళ్ళ చెంబు ఆయనవైపు జరిపారు, ఆయన పోసుకున్నారు.

వచ్చినవాళ్ళందరినీ సస్పెండు చేశారు. ఇన్‌స్పెక్టరుగారిని కూడా. మామయ్యగారి మీద కేసు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదట. ఈయన్ని దూరంగా ఇంకో స్టేషనుకి మార్చారు, క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. కుళాయి దగ్గర ఇప్పుడు దారి కూడా ఇవ్వడం లేదు, బిందె పెడితే తీసి పక్కన పెడుతున్నారు. ఒకావిడ నా మొహం మీదే, “మీ ఆయనకి బంగారు పతకం ఇస్తారా?” అంది. నేను లేదన్నాను. ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఇస్తామనీ అనలేదు.

సామాను కడుతున్నాను. మీ ఇత్తడి గిన్నెలు గుడ్డలో చుట్టి విడిగా పెట్టాను. మీ చీరలు నేను ముట్టుకోలేదు, మీరు వచ్చి సర్దుకోండి.

ఇక ముఖ్యమైన మాట. నిన్న మామయ్యగారు వచ్చి, “మీ అత్తయ్యకి ఏం రాస్తున్నావమ్మా?” అన్నారు. అందరం బాగున్నామని రాస్తున్నానన్నాను. నా చేతిలో కాగితాలెన్ని ఉన్నాయో చూశారు. చూసీ, “అదే రాయి” అన్నారు. వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగి, “తను రాగానే నేనే చెప్తాను. ఎలా చెప్పాలో చూసుకుంటున్నాను” అన్నారు. అప్పట్నుంచీ పెరట్లో పెదవులు కదుపుతూ కూర్చుంటున్నారు. మీతో చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నారు.

నేను ఆయన కంటే ముందు మీకు చెప్పేశాను. మీరు మా తమ్ముణ్ణి అనడం వల్ల కాదు. తెలియకుండా మీరు వచ్చి, గుమ్మంలోనే ఆయన్ని “ఇంటికి పెద్ద అయ్యుండి ఏం చేశారండీ” అని అడుగుతారేమో అని భయమేసి చెప్పాను. మీరు వచ్చినప్పుడు ఆయన చెప్పేదాకా ఏమీ అడగకండి. చెప్తే, అప్పుడే వింటున్నట్టు వినండి. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి.

ఈ ఉత్తరం చదవడం అవగానే కాల్చేయండి అత్తయ్యగారూ. చిన్నత్తయ్యగారికి కూడా చూపించకండి.

మీ కోడలు.